చూపు మీద చారలు

కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించిన రోజు నుంచి వజ్రేశ్వరి చూపు మీద చారలు పడుతున్నాయి. ఇంకొకరికైతే అవి తెర మీద పడేవి. ఆమెకు తెర లేదు. కళ్ళజోడులో అమర్చిన కెమెరా చూసిన దాన్ని కంప్యూటరులోని ఆ కార్డు బొమ్మగా మారుస్తుంది. అక్కణ్ణించి బయలుదేరిన తీగ తిన్నగా ఆమె తల వెనక అమర్చిన చిన్న రేకులోకి పోతుంది. బొమ్మ పడేది అక్కడే. కాబట్టి మనలాగా మానిటరు నెత్తిన రెండు మొట్టికాయలు వేసి చూద్దామన్నా కుదరదు.

ఆరేళ్ళ వయసులో వచ్చిన మెదడువాపు జ్వరం ఆమె ప్రాణాన్ని వదిలిపెట్టి కంటినరాలను పట్టుకుపోయింది. తెనాలిలో హార్మోనియాలు బాగుచేసే తండ్రి, కూతురికి చూపు లేదని ఏడుస్తూ కూర్చోకుండా చేతికి ఆకురాయి ఇచ్చాడు. రీడు కొస మీద గీస్తే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీస్తే కిందికి దిగుతుంది. అంతకుమించి నేర్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, మిగతాదంతా ఆమె చెవే నేర్చుకుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పద్యనాటకాలు ఆడేవాళ్ళ హార్మోనియం పెట్టెల్లో ఆమె శ్రుతి చెయ్యనిది అరుదు. ఒకసారి గోవర్ధనం అనే నటుడు పద్యం పాడి, ఎలా ఉందని గొప్పగా అడిగితే, పెట్టె సరిగానే ఉంది, మీరే తప్పారు అని చెప్పింది. ఆయన అలిగి వెళ్ళిపోయి, మరుసటి వారం పెళ్ళిమాటలకు మనుషుల్ని పంపాడు.

వాళ్ళకొక కూతురు, కమలిని. డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల గొంతులో కొన్నేళ్ళుగా ఏదో చిన్న గరుకు ఉంది. జలుబు కాదు, ప్రేమ కాదు, చదువు మీద బెంగ కాదు. అవన్నీ వజ్రేశ్వరి చెవికి తెలిసినవే. మాట మధ్యలో ఎక్కడో సన్నగా తెగి, మళ్ళీ అతుక్కుంటుంది. ఏమిటే అని అడిగితే ఏం లేదమ్మా అంటుంది, ఆ జవాబులోనూ అదే గరుకు. వినికిడికి అందనిదేదో ముఖం మీద ఉంటుందేమోనని తల్లి అనుకుంది. గుంటూరు పరిశోధనశాలలో డాక్టర్ రెహానా చూపులేని వాళ్ళకు మెదడులోనే బొమ్మ చూపించే ప్రయోగం చేస్తున్నారని తెలిసినప్పుడు, తలకు కోత పెట్టించుకోవడానికి ఆమె జంకకపోవడానికి కారణం అదొక్కటే.

పాత కార్డుతో కనిపించింది తక్కువ. ముగ్గు వెయ్యడానికి పెట్టి వదిలేసిన చుక్కల్లా ఉండేది లోకం. నిలువుగా ఉన్న చుక్కల గుంపు మనిషి, అడ్డంగా ఉన్నది బల్ల. కమలిని ఒకసారి వచ్చి ఎదురుగా నిలబడితే, ఒక సన్నటి చుక్కల గుంపు అటూ ఇటూ ఊగి వెళ్ళిపోయింది. అదే మహాభాగ్యమని ఆ రోజు భార్యాభర్తలిద్దరూ రైల్లో తెనాలి దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ చుక్కలను కలిపి ముగ్గు చెయ్యడానికి తెచ్చిందే కొత్త కార్డు.

ముగ్గు పడింది, నిజమే. కిటికీ ఊచలు విడివిడిగా కనిపించాయి. పరిశోధనశాల ఇంజనీరు ఫణీంద్రకు మీసం ఉందని తెలిసింది. కానీ బొమ్మ మీద ఎప్పుడూ చారలే. ఒకసారి సన్నగా, ఒకసారి లావుగా, ఒకసారి నీటి అలల్లా పరుగెత్తుతూ.

"ఎటు కదులుతున్నాయమ్మా?" అని అడిగాడు ఫణీంద్ర.

"ఎడం నుంచి కుడికి. ఇందాక గబగబా పోయినియ్యి, ఇప్పుడు నిదానించినియ్యి బాబూ."

అతను కార్డు ఊడదీసి, దాని ఇత్తడిరంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించాడు. చారలు పోలేదు. తీగ మార్చాడు. కార్డును నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది ఎక్కించాడు. కార్డు వేగం ఒకటి, రేకు వేగం ఒకటి అయినందుకేమోనని రెండూ సమానం చేశాడు. తీగకు వంటింటి అల్యూమినియం రేకు చుట్టాడు. ఎర్తింగు సరిగ్గా లేదని ఎవరో అంటే మేడ దిగి ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు పోయించి బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించాడు. ఎర్తింగు బ్రహ్మాండంగా తయారైంది, చారలు మాత్రం చెక్కుచెదరలేదు.

చివరికి ఒక పొద్దున, గదిలో కరెంటుతో నడిచే ప్రతిదాన్నీ ఆపేద్దామన్నాడు. ఫ్యాన్లు ఆపారు, ఏసీ ఆపారు, ట్యూబులైట్లు తీశారు, సెల్‌ఫోన్లు పక్క గదిలో పెట్టారు. గోవర్ధనం చేతి గడియారం కూడా విప్పించారు. కంప్యూటరు ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది. చెమటలు కారుతున్నాయి. ఊరికే కూర్చుంటే ఊపిరాడని వజ్రేశ్వరి, వెంట తెచ్చుకున్న హార్మోనియం ముందేసుకుని దాని తిత్తి ఆడిస్తూ రీడ్లు గీసుకుంటోంది. ఒక నాటక సమాజం వాళ్ళది, వారంలో ఇవ్వాలి. దాన్ని ఆపమని ఎవరికీ తట్టలేదు. దానికి కరెంటు లేదు కదా.

"ఇప్పుడెట్లా ఉందమ్మా?"

"ఉన్నాయి. మెల్లగా పోతున్నాయి."

రెండు రీడ్లు కలిపి మోగిస్తూ ఒకదాన్ని కొసన ఒక్క పిసరు గీసింది. స్వరాల మధ్య ఊగులాట తగ్గింది. చారలూ ఇంకా నిదానించాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇంకొక పిసరు గీసి మళ్ళీ మోగించింది. రెండు స్వరాలూ ఒకటైన క్షణంలో చారలు గోడకు కొట్టిన మేకుల్లా నిలబడిపోయాయి. తిత్తి వదిలేసింది. చారలు మాయమయ్యాయి. ఎదురుగా గోడ, గోడ మీద క్యాలెండరు, క్యాలెండరు పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డ ఫణీంద్ర, అంతా కడిగినట్టు కనిపించింది.

"బాబూ," అంది చాలా నెమ్మదిగా, "నువ్వు మాట్లాడబాక. ఎవరూ మాట్లాడబాకండి."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వాళ్ళ పని. తర్వాత ఆమె ఒకసారి చప్పట్లు కొట్టమంది. కొడితే చూపు నిండా గీతల గుంపు ఒకటి పుట్టి చెదిరిపోయింది. ఫ్యాను వెయ్యమంది. సన్నటి బూడిదరంగు చారలు గదంతా పరుచుకున్నాయి. భర్తను ఒక పద్యం ఎత్తుకోమంది. గోవర్ధనం బెదిరిపోయాడు, ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ముందు పాడడం ఆయనకెప్పుడూ పరీక్షే. గొంతు సవరించుకుని రాగం తీశాడు. వజ్రేశ్వరి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ రాగం లావుపాటి వెలుగు చారలుగా లేచి, పైస్థాయికి వెళ్ళేకొద్దీ సన్నబడుతూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఆయన ముఖం మీదుగా పోతోంది. ఇన్నేళ్ళూ తను విన్న మనిషినీ, ఇప్పుడు చూస్తున్న మనిషినీ ఒక్కచోటే, ఒకరి మీద ఒకరుగా చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఎట్టా ఉంది వజ్రం?" అన్నాడు ఆయన భయంభయంగా.

"పైషడ్జం కాడ కుంగింది. నాకు ఇంతకుముందు వినపడేది, ఇప్పుడు కనపడతా ఉంది కూడా."

మధ్యాహ్నం వాన పట్టింది. కింద స్కూటర్లు పెట్టుకునే రేకుల షెడ్డు మీద పడుతున్న వానను ఆమె కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. చినుకులు ఆమెకు కనిపించలేదు, కెమెరాకు అంత శక్తి లేదు. కానీ వాన చప్పుడు కనిపించింది. ఎక్కడా రెండు గీతలు ఒకలా లేవు, అయినా అంతా కలిసి ఒకటే నేత. ఫణీంద్ర పక్కన నిలబడి, ఎలా ఉందమ్మా అని అడగబోయి మానుకున్నాడు.

డాక్టర్ రెహానా మర్నాడు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పారు. ఆరేళ్ళ పిల్లకు చూపు పోయినప్పుడు మెదడులో చూపుకు కేటాయించిన గది ఖాళీ పడింది. మెదడు పొదుపరి, ఖాళీ గదిని ఊరికే ఉంచదు. దాన్ని చెవికి అద్దెకిచ్చింది. వజ్రేశ్వరికి అందరికీ లేని చెవి ఉన్నది అందుకే, ఆమె రెండు గదుల్లో వింటోంది. పాత కార్డు పంపిన నాలుగు చుక్కలకు ఆ గదిలో దూరే సత్తువ లేకపోయింది. కొత్త కార్డుకు ఉంది.

"అంటే కార్డులో లోపం లేదన్నమాట," అన్నాడు ఫణీంద్ర, ఎర్తు గుంతను తలుచుకుంటూ.

"లేదు. ఒక ఒరలో రెండు కత్తులు, అంతే," అన్నారు డాక్టరు. "ఇలా ఎక్కువ రోజులు ఉండనివ్వకూడదమ్మా. రెండూ కొట్టుకుంటే మూర్ఛలు రావచ్చు. పాత కార్డుకు వెళ్ళిపోతే చెవి మిగులుతుంది, చుక్కలే కనిపిస్తాయి. లేదంటే ఆ గదిలోకి వచ్చే చప్పుడును ఈ రేకుతోనే మేం మెల్లమెల్లగా ఆపేస్తాం. బొమ్మ శుభ్రంగా ఉంటుంది. సంచీలో పట్టే చిన్న కంప్యూటరు పెట్టె చేసిస్తాం, ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ ఒకసారి ఆగిన చెవి మళ్ళీ రాదు. మీరు మాలాగే వింటారు."

"మీలాగంటే?"

డాక్టరు గోవర్ధనం వైపు చూపించారు. "నిన్న ఈయన పాడిన పద్యం నాకు మొత్తం బాగానే ఉంది."

గోవర్ధనం నవ్వబోయి భార్య ముఖం చూసి ఆపుకున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. చేతిలో విద్య పోతే మనిషిలో ఏం మిగులుతుందో ఆమెకు తెలియలేదు. చూపు లేకపోవడం అలవాటైన బాధ. ఇది కొత్తది.

ఇంటికి వచ్చాక డాక్టరు చెప్పిందంతా కూతురికి చెప్పింది. ఇంట్లో తీగా లేదు, కార్డూ లేదు, ఎప్పటి చీకటే. కమలిని వెంటనే తేల్చేసింది.

"పాతదానికే పోమ్మా. నీ పని ఏం గాను? నాయనమ్మ చచ్చిపోయినప్పుడు కూడా నువ్వు హార్మోనియం పక్కనే కూర్చున్నావు. అది పోతే నువ్వు బతకవు."

"నీ ముఖం చూడొద్దా మరి?"

"నా ముఖంలో ఏముందని చూట్టానికి?"

అక్కడే తెగింది గొంతు. ఎన్నడూ లేనంత స్పష్టంగా. గోవర్ధనం ఎందుకో దగ్గి, మంచినీళ్ళకని లేచి వెళ్ళాడు. పిల్ల తన కోసం త్యాగం చేస్తోందని, చూడాలనే కోరిక గొంతులోనే నొక్కేసుకుంటోందని వజ్రేశ్వరి అర్థం చేసుకుంది. తల్లులు అలాగే అర్థం చేసుకుంటారు. ఆమె చెవి ఎంత గొప్పదైనా, ఎక్కడ తెగిందో చెప్పగలదు గానీ ఎందుకు తెగిందో చెప్పలేదు.

వజ్రేశ్వరి రెండు రోజుల్లో నాటక సమాజం వాళ్ళ పెట్టె పూర్తిచేసి ఇచ్చేసింది. ఇచ్చే ముందు ప్రతి మెట్టూ నొక్కి, ఆగి, వింది. వంటింట్లో గిన్నె పడినా, వీధిలో ఎవరో గేటు వేసినా ఆగి వింది. తర్వాత గుంటూరుకు ఫోను చేసి చూపే కావాలని చెప్పింది. ఒకటే షరతు. శుభ్రమైన చూపుతో ముందుగా చూసేది తన కూతురి ముఖం అయ్యుండాలి.

ఆ రోజు కమలిని కూడా వచ్చింది. బండి మీద పోయే ఆడపిల్లలు ఎండకు చుట్టుకున్నట్టే ముఖానికి చున్నీ చుట్టుకుని, గదిలోకి వచ్చాక కూడా విప్పకుండా మూలన నిలబడింది. ఫణీంద్ర తీగ తగిలించాడు. డాక్టరు మాట ప్రకారం చప్పుడును ఒక్కసారిగా కాకుండా మెట్టుమెట్టుగా దించుతున్నాడు. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఫ్యాను చారలు పలచబడ్డాయి, గోడ గోడలా నిలిచింది. అదే సమయంలో గది శబ్దం ఎవరో దుప్పటి కప్పినట్టు మందగిస్తోంది. వజ్రేశ్వరి పెదవి కొరుక్కుంది కానీ ఆపమనలేదు.

"ఇంకొక్క మెట్టు ఉందమ్మా," అన్నాడు. "అది దిగితే మళ్ళీ ఎక్కలేం. ముందు ఒకసారి అంతా చూసుకోండి. ఎక్కడైనా చారలున్నాయా?"

"గోడ మీద లేవు. నీ ముఖం మీద నువ్వు మాట్టాడితే కాసిని ఉన్నాయి. డాక్టరమ్మ బాగుంది. అమ్మాయేదీ?"

కమలిని వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. తర్వాత తనే చున్నీ విప్పింది.

వజ్రేశ్వరి ముందుకు వంగి చూసింది. ఎవరిలా ఉందో పోల్చుకోవడానికి ఆరేళ్ళలోపు చూసిన ముఖాలేవీ ఆమెకు గుర్తులేవు. కాబట్టి ఆ ముఖం దేనిలాగానూ లేదు, దానంతటదే ఉంది. నుదురు, కనుబొమలు, అదురుతున్న ముక్కుపుటాలు. ఊపిరి తీసుకుంటే కదిలే మనిషి ముఖం ఇంత దగ్గరగా, ఇంత వివరంగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇది నా కడుపులోంచి వచ్చిందా అనుకుంది. వెంటనే పక్కకు తిరిగి, రోజూ ఫణీంద్రకు చెప్పే అలవాటు ప్రకారం శ్రద్ధగా చెప్పడం మొదలుపెట్టింది.

"ఇంకా కొంచెం పోలేదు బాబూ. అమ్మాయి ముఖం మీదే ఉన్నాయి. చారలు కాదు, తెల్లటి మచ్చలు. కుడి కంటి చుట్టూ ఒకటి, పెదవి చివర ఒకటి, మెడ మీదకి పెద్దది పాకింది. ఇవి పరిగెత్తడంలా. మనిషి కదిలితే దాంతోపాటే కదులుతున్నాయి. నీ ముఖం మీద గానీ గోడ మీద గానీ లేవు. కార్డులో ఎక్కడో ఉండిపోయినట్టున్నాయి, చూడు."

ఫణీంద్ర చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. డాక్టరు తల దించుకున్నారు. గోవర్ధనం గోడ వైపు తిరిగాడు. వజ్రేశ్వరికి ఆ నిశ్శబ్దం కనిపించింది, గదిలో ఒక్క గీత లేదు.

"అవి కార్డువి కాదమ్మా," అంది కమలిని. "నావి."

తల్లికి అర్థం కాలేదు.

"బొల్లి. పదో తరగతిలో మొదలైంది. ముందు కంటి దగ్గర, తర్వాత ఇట్లా. మందులు వాడాం, తగ్గలా. నీకు చెప్పొద్దని నేనే నాన్నతో ఒట్టేయించుకున్నా. వీధిలో అందరి కాళ్ళూ పట్టుకున్నా."

వజ్రేశ్వరి చెయ్యి చాచి కూతురి కంటి పక్కన తడిమింది. నున్నటి చర్మం. ఇన్నేళ్ళూ తల దువ్వుతూ, బొట్టు పెడుతూ వందసార్లు తడిమిన చర్మమే. వేలి కింద ఏ తేడా లేదు. కళ్ళతో చూస్తే తెలుపూ నలుపూ కలిసే చోట అంచు స్పష్టంగా ఉంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్తారు. కాలేజీలో ముందు మచ్చల్ని చూస్తారు, తర్వాత నన్ను. ఎక్కడికి పోయినా అంతే. నీ దగ్గర ఒక్కచోటే నాకు మచ్చలు లేవమ్మా. అది పోగొట్టుకోలేకపోయా. అందుకే పాత కార్డుకు పొమ్మన్నా. నీ చెవి కోసం కాదు."

అని ఏడ్చేసింది. ఆ ఏడుపు చారలు చారలుగా ఆమె ముఖాన్ని కప్పేసింది. కన్ను ఎక్కడుందో, మచ్చ ఎక్కడుందో తల్లికి తెలియకుండా పోయింది.

డాక్టర్ రెహానా వజ్రేశ్వరి భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకా వెనక్కి వెళ్ళొచ్చమ్మా. ఒక్క మెట్టు మిగిలే ఉంది. ఇవాళే తేల్చుకోనక్కర్లేదు."

వజ్రేశ్వరి ఆ ఏడుపును వింటోంది. కూతురు పుట్టినప్పటి కేక నుంచి ఇప్పటిదాకా ఆ గొంతులో ఆమెకు తెలియని మలుపు లేదు. ఈ గొంతును ఇలా వినడం ఇక ఉండదు. ఆ సంగతి తెలిసే చారల మధ్య సందుల్లోంచి పిల్ల ముఖం కోసం వెతికింది. కొంచెం నుదురు దొరికింది. ఆ పక్కన తెల్లటి అంచు దొరికింది.

"అవి ఉంచు బాబూ," అంది. "మిగతావి తీసెయ్."

ఫణీంద్ర ఆఖరి మెట్టు దించాడు.

ఫ్యాను చప్పుడు ఫ్యాను చప్పుడే అయింది, దానిలో ఇంకేమీ మిగల్లేదు. కింద రోడ్డు మీద ఏదో బండి మోగింది, ఏ స్వరంలో మోగిందో ఆమెకు తెలియలేదు. కమలిని "అమ్మా" అంది. ఆ పిలుపు అందరికీ ఎలా వినిపించిందో ఆమెకూ అలాగే వినిపించింది. కానీ అంటున్నప్పుడు పెదవులు రెండూ కలిసి విడిపోవడం, చివరనున్న తెల్లమచ్చ వాటితోపాటే సాగి ముడుచుకోవడం ఆమె చూసింది.

"ఇంకోసారి అను," అంది వజ్రేశ్వరి, కళ్ళజోడు తుడుచుకోవడానికి కూడా కూతురి చెంప మీంచి చెయ్యి తియ్యకుండా.